గాలి ఒప్పుకుంటేనే గిర్నార్: గోదావరి జిల్లాల నుంచి రోప్‌వే యాత్రకు కాలాలవారీ మార్గదర్శి

"తీగ వేశారుగా, ఇక మెట్లెక్కే పనేముంది? దత్త పాదుకల దగ్గరే దించేస్తుంది." గుజరాత్‌లో జునాగఢ్ ఊరి పక్కనున్న గిర్నార్ కొండ పేరెత్తితే మన గోదావరి జిల్లాల్లో వినపడే మాట ఇది. రోప్‌వే అక్కడ దించదు. అంబాజీ గుడి దగ్గర దించుతుంది. అక్కడి నుంచి పాదుకలుండే దత్తాత్రేయ శిఖరానికి ఇంకా వేల మెట్లున్నాయి. అవి కూడా ఒకే వాటంగా పైకి పోవు. ఎక్కాలి, దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. గాలి గట్టిగా వీస్తే ఆ పూట రోప్‌వే నడపరు. రాజమండ్రిలో రైలెక్కి దేశానికి ఆ చివర దిగి, మూసిన కౌంటర్ ముందు నిలబడాల్సి వస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ఈ యాత్రను టికెట్ దగ్గర కాకుండా కాలం దగ్గర, గాలి దగ్గర మొదలుపెట్టాలి. పిఠాపురంలో శ్రీపాద శ్రీవల్లభుల దర్శనం చేసుకుని "ఎప్పటికైనా గిర్నార్ వెళ్లాలి" అనుకునే దత్త భక్తులకూ, కైలాసగిరి రోప్‌వే చూసి ఇంకా పెద్దది ఎక్కాలని సరదాపడే కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది.

1. ముందు కొండ సంగతి తెలుసుకోండి

గిర్నార్‌ను అగ్నిపర్వతం అనడం వింటాం. పైన గొయ్యి ఉంటుందని, పొగ వస్తుందని ఆశపడకండి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పశ్చిమ భారతంలో నేల చీలి లావా పొరలు పొరలుగా పరుచుకుంది. దక్కన్ ట్రాప్స్ అని పాఠాల్లో చదువుకున్నది ఆ రాతి గురించే. దరిదాపుగా ఆ రోజుల్లోనే సౌరాష్ట్ర నేల కింద కొంత శిలాద్రవం బయటికి రాకుండా లోపలే ఆగి గట్టిపడింది. మీదున్న లావా పొరలు వానలకూ గాలులకూ అరిగిపోయాక ఆ గట్టి రాయి బయటపడి కొండగా నిలిచింది. కాబట్టి గిర్నార్ మెట్లెక్కుతుంటే మనం నడిచేది, ఒకప్పుడు భూమి లోపల కుతకుతలాడిన భాగం మీద.

ఈ కథలో మనకూ వాటా ఉంది. కొవ్వూరు అవతల పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు వైపు నల్లరాయి క్వారీలు చూసే ఉంటారు. రాజమండ్రి పక్కన కాతేరులోనూ అదే రాయి. మన రోడ్లకూ స్లాబులకూ పడే కంకర ఆ దక్కన్ లావాయే. పశ్చిమ కనుమల వైపు పుట్టిన లావా అప్పటి లోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి ఇక్కడిదాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు అంటారు. భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో దీన్ని లెక్కేస్తారు. కోనసీమ కొబ్బరితోటల కింద కూడా, చాలా లోతున, చమురు బావులు తవ్వినప్పుడు ఇదే రాయి తగిలింది. ఆ పొరకు రాజోలు పేరే పెట్టారు. రాజోలు వాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మరి.

బయల్దేరే ముందు ఆ కంకర ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. నల్లగా, నున్నగా, పలుకు కనపడకుండా ఉంటుంది. గిర్నార్ మెట్ల పక్క రాతిలో తెల్లవీ, బూడిదరంగువీ, నల్లవీ పలుకులు విడివిడిగా కంటికి ఆనతాయి. పాకం నిదానంగా ఆరితేనే పటికబెల్లం పెద్ద పలుకు కడుతుంది కదా, ఇదీ అంతే. మన దగ్గరికొచ్చిన లావా బయట పారి త్వరగా చల్లారింది, గిర్నార్ రాయి లోపల ఉండి తీరిగ్గా చల్లారింది. క్వారీల్లోకి మాత్రం చెప్పాపెట్టకుండా వెళ్లకండి, పేలుళ్లు జరుగుతుంటాయి. రోడ్డు పక్క కుప్పలోంచి ఒక ముక్క చాలు.

2. కాలం ఎంచుకోండి

గుజరాతీల నెలలు కూడా మనలాగే అమావాస్యతో ముగుస్తాయి. నెలల పేర్లు కలుస్తాయి కాబట్టి తిథుల్లో చెప్పుకుంటే తికమక ఉండదు.

సంక్రాంతి దాటాక, శివరాత్రి లోపు: నా ఓటు దీనికే. కనుమ అయిపోయి, ప్రభల తీర్థం చూసి, దాళ్వా నాట్లు ఒక కొలిక్కి వచ్చాక బయల్దేరితే సరిగ్గా సరిపోతుంది. వాన భయం తక్కువ, ఎండ హాయిగా ఉంటుంది, దీపావళి నాటి రద్దీ ఉండదు. ఆకాశం తేటగా ఉన్న రోజున పైనుంచి జునాగఢ్ ఊరంతా కనపడుతుంది. చలిని మాత్రం తక్కువగా చూడకండి. డెల్టాలో ధనుర్మాసం చలికి అలవాటుపడినవాళ్లకు అంబాజీ దగ్గర పొద్దుటి గాలి వేరేలా తగులుతుంది. శాలువా సరిపోదు, గాలి దూరని జాకెట్ ఉండాలి, చెవులు కప్పుకోవాలి.

ఇక్కడే ఒక చిన్న లెక్క. జునాగఢ్ మనకు బాగా పడమర. గడియారం ఒకటే అయినా సూర్యుడు అక్కడ మనకన్నా ముప్పావుగంట ఆలస్యంగా వస్తాడు. జనవరిలో రాజమండ్రిలో ఆరున్నర దాటగానే తెల్లారితే, అక్కడ ఏడుంబావు దాటాలి. "ఐదింటికి లేచి ఆరింటికి కొండ దగ్గర ఉందాం" అని మన అలవాటు ప్రకారం అనుకుంటే చీకట్లో నిలబడతారు. ఆ ముప్పావుగంట సాయంత్రం తిరిగొస్తుంది, వెలుతురు మనకన్నా ఎక్కువసేపు ఉంటుంది.

జనవరి 14, 15 తేదీల్లో మాత్రం వద్దు. అది అక్కడ ఉత్తరాయణ్. జనమంతా మిద్దెల మీద గాలిపటాలతో ఉంటారు, చాలా దుకాణాలు మూతపడతాయి, ఆటోలు దొరకవు. తెగిన మాంజా దారం వీధుల్లో వేలాడుతూ బైకు మీద వెళ్లేవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. అయినా ఆ రోజుల్లో కోడిపందేలు, కొత్త అల్లుళ్లు వదిలేసి మనవాళ్లు మాత్రం ఎందుకు బయల్దేరతారు?

శివరాత్రి: మాఘ బహుళ నవమి నుంచి చతుర్దశి వరకు కొండ కింద భవనాథ్‌లో పెద్ద జాతర. ఎక్కడెక్కడి నుంచో నాగసాధువులు వస్తారు. శివరాత్రి అర్ధరాత్రి ఊరేగింపుగా వెళ్లి మృగీకుండంలో స్నానం చేస్తారు. అది చూడాలనుకుంటే తప్పకుండా వెళ్లండి, కాని రోప్‌వే మీద ఆశ పెట్టుకోకండి. జనం లక్షల్లో ఉంటారు, వాహనాల్ని ఊళ్లోనే ఆపేస్తారు, వరస ఎప్పటికి కదులుతుందో చెప్పలేం. పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ వారం వద్దు.

వేసవి: మనకు తీరిక దొరికేది ఇప్పుడే. దాళ్వా కోతలైపోతాయి, కాలువలు కట్టేస్తారు, పిల్లలకు సెలవులు. అందుకే డెల్టా నుంచి యాత్రలకు కదిలేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లోనే ఎక్కువ. జునాగఢ్‌లో అప్పుడు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మన ఉక్కబోత అక్కడ ఉండదు. వినడానికి బాగానే ఉంటుంది, అసలు ప్రమాదం అదే. చెమట పట్టినట్టే ఉండదు, గాలికి ఆరిపోతుంటుంది, ఒంట్లో నీళ్లు తగ్గిపోతున్నట్టు తెలియదు. దాహం వేసేదాకా ఆగకుండా తాగుతుండాలి. ఓఆర్‌ఎస్ పొట్లాలు జేబులో ఉండాలి. ఏ బండి దగ్గరైనా ఛాస్ అని అడిగితే పల్చటి మజ్జిగ ఇస్తారు. మొదటి కేబిన్లలో పైకెళ్లి, అంబాజీ, దాని తర్వాత వచ్చే గోరఖ్‌నాథ్ శిఖరం వరకు చూసుకుని, పదకొండు లోపు కిందికి వచ్చేయడం మంచిది. చెప్పులు విప్పి నడుస్తామని మొక్కుకున్నవాళ్లు ఇంకో కాలం చూసుకోండి, ఆ రాతి మెట్లు కాళ్లను కాల్చేస్తాయి.

వేసవికి ఉన్న ఒకే ఒక్క మంచి సాకు మామిడి. గిర్ ప్రాంతపు కేసర్ మామిడికి ఆ పేరు 1934లో జునాగఢ్ నవాబు పెట్టాడంటారు. 2011లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కోస్తే లోపల కుంకుమపువ్వు రంగు. మన కొత్తపల్లి కొబ్బరినీ సువర్ణరేఖనూ పక్కనపెట్టి దీన్ని మెచ్చుకోవాలంటే మనసొప్పదు గాని, చల్లబెట్టిన రసం రెండో గ్లాసు అడగనివాళ్లు తక్కువ. మే నెలలో అయితే బాగా దొరుకుతుంది.

వానాకాలం: జూన్ నడిమి నుంచి సెప్టెంబర్ వరకు. కొండ అందంగా ఉండేది ఇప్పుడే, రోప్‌వే నమ్మకం లేనిదీ ఇప్పుడే. మిగతా కాలమంతా ఎండు టేకాకులతో గోధుమరంగులో ఉండే అడవి పచ్చబడుతుంది, మెట్ల మీదుగా నీళ్లు జారతాయి, కేబిన్ మబ్బులోకి దూరితే ముందు కేబిన్ కూడా కనపడదు. కాని అరేబియా సముద్రం మీంచి వచ్చే నైరుతి గాలి నేరుగా తాకే ఎత్తైన కొండ ఇది. గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ తీగ ఆపేస్తారు. గిర్ అడవిలో సింహాల సఫారీ కూడా జూన్ 16 నుంచి అక్టోబర్ 15 దాకా మూసేస్తారు కాబట్టి "కొండ కాకపోతే సింహాలు చూద్దాం" అన్న ఆశా ఉండదు. 2023 జులైలో కుండపోత కురిసి వరద జునాగఢ్ వీధుల్లో కార్లను కొట్టుకుపోయింది. గోదావరి వరద మెట్టుమెట్టుగా పెరుగుతుంది, ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక అని మనకు లెక్కుంటుంది. కొండ నీరు ఆ గడువివ్వదు. భారీ వాన హెచ్చరిక ఉన్న రోజున కొండ పాదం దగ్గరి తలేటి వైపు వెళ్లకుండా ఊళ్లోనే ఉండిపోండి.

అయినా వానాకాలంలోనే చూడాలన్న పట్టుదల ఉన్నవాళ్లు ఒకటి రెండు ఉదయాలు కాదు, నాలుగు చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో పచ్చదనం ఉంటుంది, గాలికి జులై నాటి ఉధృతి తగ్గుతుంది.

దీపావళి, కార్తీకం: వాతావరణం బాగుంటుంది, జనం ఉంటారు. గుజరాతీలకు కొత్త సంవత్సరం దీపావళి మర్నాడే. అప్పటి నుంచి లాభపంచమి దాకా సెలవులు, ఆ రోజుల్లో కొండ కిక్కిరిసిపోతుంది. కార్తీక శుద్ధ ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా లీలీ పరిక్రమ, అడవిలో 36 కిలోమీటర్లు నడిచి కొండచుట్టూ తిరిగే ప్రదక్షిణ. లక్షలాది మంది వస్తారు. మన వైపు నుంచి ఇంకో చిక్కుంది. ఇది బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. 2025 అక్టోబర్ 28న మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు రైళ్లు ఎన్ని రద్దయ్యాయో గుర్తుండే ఉంటుంది. కొండ దగ్గర ఆకాశం నీలంగా ఉన్నా మన రైలు కదలకపోవచ్చు. మార్గశిర పౌర్ణమి దత్త జయంతి భక్తులకు ముఖ్యమైన రోజు. ఆ రోజే కావాలనుకుంటే జనంతో పాటు ఎక్కడానికి సిద్ధపడండి, లేదా నాలుగు రోజులు అటూఇటూగా వెళ్లండి.

3. రెండు ఉదయాలు మిగిలేలా టికెట్లు తీయండి

జునాగఢ్‌లో కనీసం మూడు రాత్రులు, రెండు పూర్తి ఉదయాలు. మొదటి ఉదయం కొండకు. గాలి ఒప్పుకోకపోతే రెండో ఉదయం. సోమనాథ్, ద్వారకలతో కలిపి "ఒక్క పూటలో గిర్నార్" అని ప్యాకేజీ అమ్మేవాళ్లుంటారు. దత్త పాదుకలదాకా వెళ్లాలనుకునేవాళ్లు ఆ ప్యాకేజీ జోలికి పోకండి.

రైల్లో అయితే రాజమండ్రి మీదుగా పోయే విశాఖపట్నం–గాంధీధామ్ వారపు రైలెక్కి అహ్మదాబాద్‌లో దిగి, అక్కడి నుంచి రాత్రి బస్సో వెరావల్ వైపు రైలో పట్టుకోవచ్చు. లేదా సికింద్రాబాద్ చేరి రాజ్‌కోట్ రైలెక్కండి. రాజ్‌కోట్ నుంచి జునాగఢ్ సుమారు 100 కిలోమీటర్లు, బస్సులు బాగా ఉంటాయి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పాతరోజుల్లోలా నాలుగు నెలల ముందు దొరకదు. విమానమైతే మధురపూడి నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి అహ్మదాబాద్ లేదా రాజ్‌కోట్.

బస నగరంలోనైనా భవనాథ్‌లోనైనా దొరుకుతుంది. కొండకు వెళ్లే ఉదయం ఆటో కోసం వెతుక్కోకుండా ఉండాలంటే భవనాథే మేలు. రోప్‌వే టికెట్ ఆన్‌లైన్‌లో కొనాలనుకుంటే నడిపే సంస్థ సొంత సైట్ ఉడన్ ఖటోలాలోనే కొనండి. గాలికి ఆపేస్తే డబ్బు తిరిగిస్తారా, తేదీ మారుస్తారా అన్న షరతు చదివాకే డబ్బు కట్టండి. రద్దీ లేని కాలంలో ముందుగా కొనే పనే లేదు, ఉదయం గాలి చూసుకుని కౌంటర్లో తీసుకోవడమే నయం.

4. సంచిలో ఏముండాలి

ఎక్కువేం వద్దు. స్టీలు నీళ్ల సీసా తప్పనిసరి, ఎందుకంటే కొండ మీద ప్లాస్టిక్ సీసాల మీద ఆంక్షలున్నాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు పట్టీ, చేతికర్ర. కర్రలు కిందే అద్దెకో కొనుక్కోవడానికో దొరుకుతాయి. పట్టున్న బూట్లు. రోజూ వేసుకునే మాత్రలు. తినడానికి వేరుసెనగ ఉండలో, జంతికలో. పులిహోర పొట్లం విప్పితే కోతులు మీకన్నా ముందు వచ్చేస్తాయి.

కాఠియావాడీ భోజనంలో బాజ్రా రొట్టె, వంకాయ కూర, మజ్జిగ, బెల్లం బాగుంటాయి, అన్నం మాత్రం చివర్లో గరిటెడే వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆవకాయ, కందిపొడి పెట్టుకెళ్లడంలో తప్పులేదు. చలికాలం రాత్రి జునాగఢ్ వీధుల్లో కావో అని మసాలా దినుసులు కాచిన వేడి పానీయం అమ్ముతారు. ఘాటుగా ఉంటుంది, గొంతుకు హాయి.

బస్సుల మీద ఊరి పేర్లు, ఒక్కోసారి అంకెలు కూడా గుజరాతీలోనే ఉంటాయి. హిందీ చదవగలిగితే అక్షరాలు పోల్చుకోవచ్చు, పైన గీత ఉండదంతే. అడిగితే అందరూ హిందీలో చెబుతారు.

5. రోప్‌వే ఎక్కే ఉదయం

లేవగానే చెట్లకొమ్మలు చూడండి. కింద ఆకు కదలకపోయినా పైన గాలి ఉండొచ్చు, కిందే కొమ్మలు ఊగుతుంటే మాత్రం తొందరపడి లాభం లేదు. పొద్దున్నే గాలి తక్కువగా ఉండి, ఎండెక్కేకొద్దీ సముద్రపు గాలి పుంజుకోవడం సౌరాష్ట్రలో మామూలే. అందుకే ఏ కాలమైనా మొదటి గంటలోనే ఎక్కాలి. కౌంటర్ సాధారణంగా ఏడింటికి తెరుస్తారు, కాలాన్ని బట్టి వేళలు మారతాయి. ముందురోజు సాయంత్రమే వెళ్లి బోర్డు చూసుకుంటే మంచిది. అక్కడి దుకాణంవాణ్ని "కల్ రోప్‌వే చలీ థీ?" అని అడిగితే నిజం చెబుతాడు.

ఈ రోప్‌వే 2020 అక్టోబర్ 24న మొదలైంది. పొడవు సుమారు 2.3 కిలోమీటర్లు, కేబిన్‌కు ఎనిమిది మంది, ఏడెనిమిది నిమిషాల ప్రయాణం. కైలాసగిరిదీ, శ్రీశైలంలో పాతాళగంగదీ ఎక్కినవాళ్లకు దీని వేగం, ఎత్తు రెండూ కొత్తగానే ఉంటాయి. ఒకే ఉక్కు తాడు కేబిన్లను మోస్తూ, లాగుతూ ఆగకుండా తిరుగుతుంటుంది. కేబిన్ స్టేషన్లోకి రాగానే దాని పైనున్న పట్టు తాడును వదిలేస్తుంది, చక్రాల వరస దాన్ని నడక వేగానికి తెస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, మనం ఎక్కుతాం, తలుపు మూసుకుంటుంది, పట్టు మళ్లీ తాడును బిగించగానే ఒక్క ఊపుతో బయటపడుతుంది. ఆ ఊపుకి పిల్లలు కేకలేస్తారు, పెద్దవాళ్లు దేవుణ్ని తలుచుకుంటారు. కేబిన్ పూర్తిగా ఆగదు, నిదానంగా కదులుతుండగానే ఎక్కాలి. మోకాళ్లు వంగనివాళ్లు, కర్ర పట్టుకున్నవాళ్లు ఉంటే వరసలో ఉండగానే సిబ్బందికి చెప్పండి, సాయం పడతారు.

గాలికి ఎందుకు ఆపుతారో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. కేబిన్‌కు కింద ఆధారం లేదు, తాడుకు వేలాడుతూ పోతుంది. అడ్డంగా గాలి కొడితే పక్కకు ఊగుతుంది. స్తంభాల దగ్గర ఆ ఊపు ఎక్కువైతే ప్రమాదం. గాలి హద్దు దాటితే నెమ్మదిస్తారు, ఇంకా పెరిగితే ఆపేస్తారు. మధ్యలో ఆగి కాసేపు వేలాడినా కంగారుపడకండి, తలుపు జోలికి వెళ్లకండి. ఆపినవాళ్లతో గొడవపడే మనవాళ్లనూ చూశాను, గుజరాతీలనూ చూశాను. నా లెక్కలో ఆపినవాడే మనకు మేలు చేసినవాడు.

ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి కూర్చోండి. కింద అడవి, దాని మధ్య సన్నగా మెట్లదారి, దూరంగా ఊరు, ఒకదాని తర్వాత ఒకటి విప్పుకుంటాయి. నిట్టనిలువు రాతిగోడల దగ్గర రాబందులు తిరుగుతుంటాయి. ఆ గోడల్లోనే వాటి గూళ్లు. రోప్‌వే వద్దని పర్యావరణవేత్తలు ఏళ్ల తరబడి పట్టుబట్టిన కారణాల్లో ఇవీ ఒకటి. చివరికి 2011లో కేంద్రం షరతులు పెట్టి అనుమతించింది. మన డెల్టాలో రాబందును చూసిన తరం దాదాపు వెళ్లిపోయింది, అక్కడ పిల్లలకు చూపించండి.

6. అంబాజీ దగ్గర దిగాక

రానుపోను టికెట్ భద్రంగా లోపలి జేబులో పెట్టుకోండి. చివరి కేబిన్ ఎన్నింటికో పైన సిబ్బందిని అడగండి. ఆ వేళకు గంట ముందే తిరిగి రావాలని గడువు పెట్టుకోండి.

అంబాజీ దర్శనం అయ్యాక ఇక్కడే తేల్చుకోవాలి. ఒంట్లో ఓపిక ఎంతుంది? మూడు రకాలుగా చెబుతాను. నడవలేనివాళ్లు అంబాజీ చూసుకుని, కాసేపు గాలి పీల్చుకుని దిగిపోవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు. కొంచెం నడవగలిగినవాళ్లు గోరఖ్‌నాథ్ శిఖరం దాకా వెళ్లాలి. సముద్రమట్టానికి 1,100 మీటర్ల పైచిలుకు ఎత్తు, గుజరాత్ మొత్తానికి ఇదే ఎత్తైన చోటు. చుట్టూ చూస్తే కొండ ఒక ముద్దలా కాక, చుట్టుపక్కల గుట్టల వలయం మధ్య నిలబడినట్టు కనపడుతుంది. పైన చెప్పిన భూగర్భ కథ కళ్లముందు పరిచినట్టుండేది ఇక్కడే.

మూడోవాళ్లు దత్త భక్తులు. గోరఖ్‌నాథ్ నుంచి మెట్లు కిందికి దిగుతాయి, బాగా దిగుతాయి. దిగుతున్నప్పుడే గుర్తుపెట్టుకోండి, తిరిగొచ్చేటప్పుడు ఇవన్నీ ఎక్కాలి. ఆ తర్వాత దత్త శిఖరానికి నిట్టనిలువుగా ఎక్కుడు. మామూలుగా నడిచేవాళ్లకు అంబాజీ నుంచి ఒకవైపుకు గంటన్నర, రెండు గంటలు పడుతుంది. పైన చోటు చాలా ఇరుకు. పాదుకల ముందు నిలబడేది కాసేపే, వెనక వరస కదులుతుంటుంది. గోరఖ్‌నాథ్‌కూ దత్త శిఖరానికీ మధ్యలోంచి కమండలకుండానికి వేరే దారి చీలుతుంది. అక్కడ ధుని అనే పవిత్రాగ్ని, భక్తులకు భోజన ప్రసాదం. చాలామంది అలసిపోయి దాన్ని వదిలేసి వస్తారు. ఓపిక ఉంటే వదలకండి, ఆకలిమీద వెళ్లినవాళ్లకు ఆ వేడి ప్రసాదం ఎంత రుచో చెప్పలేను.

ఊపిరి ఆడకపోవడం లాంటి ఇబ్బంది ఈ ఎత్తులో ఉండదు. బాధపెట్టేది మోకాళ్లు, అదీ దిగేటప్పుడు. మెట్టు మీద పాదం అడ్డంగా పెట్టి, కర్ర ముందు మెట్టు మీద ఆనించి దిగండి. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పి, ఆయన ఊఁ అన్నాకే గోరఖ్‌నాథ్ దాటండి.

డోలీలు కిందా దొరుకుతాయి, పైన అంబాజీ దగ్గరా దొరుకుతాయి. రేటు మనిషి బరువును బట్టి. రావులపాలెం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడను డోలీవాళ్లు కాటా ఎక్కమన్నారు. "ఇదేంటండీ అల్లుడుగారూ, నన్ను తూస్తారంటున్నారు?" అందావిడ. "ఆయ్, బరువును బట్టే డబ్బులంటండి అత్తయ్యగారూ" అని ఆయన నవ్వాపుకుంటూ చెప్పాడు. ఆవిడ ఏమీ అనకుండా చేతిసంచి, అందులోని నీళ్ల సీసా, మెడలో కళ్లజోడు, కాళ్ల చెప్పులు ఒక్కొక్కటే తీసి అల్లుడి చేతిలో పెట్టి అప్పుడు కాటా ఎక్కింది. మీరూ రానుపోను రేటు, మధ్యలో ఆగే చోట్లు, కమండలకుండానికి వెళ్తారా లేదా అన్నది కాటా ఎక్కకముందే మాట్లాడుకోండి. మోసేవాళ్లు అలసి దింపినప్పుడు తొందరపెట్టకండి.

7. తీగ ఆగితే

కింద ఉండగా ఆగితే సులువు. గంటా రెండు గంటలు చూడండి, తగ్గకపోతే రేపు. మెట్లదారి ఎప్పుడూ ఉంటుంది, అంబాజీ దాకా సుమారు ఐదు వేల మెట్లు, దారిలో నేమినాథుడి జైన ఆలయాలు. రోప్‌వేలో వెళ్లినవాళ్లకు అవి మీదినుంచి కనపడి దాటిపోతాయి. చలికాలంలో కాళ్లు గట్టిగా ఉన్నవాళ్లకు అసలు నేనిచ్చే సలహా వేరు: పైకి తీగ మీద వెళ్లి, దత్త దర్శనం చేసుకుని, వస్తూ జైన ఆలయాల దాకా దిగి చూసి మళ్లీ అంబాజీకి ఎక్కండి. లేదా అటే కిందికి నడిచేయండి.

పైన ఉండగా ఆగితే ఇబ్బంది. గాలి తగ్గేదాకా ఆగడం, లేకపోతే మెట్లు దిగడం, రెండే దార్లు. అందుకే సంచిలో జాకెట్, తిండి, టార్చి, మాత్రలు పూటకన్నా ఎక్కువ ఉండాలి. చీకటి పడేలోపు దిగలేమనిపిస్తే గుంపుతోనే దిగండి. ఇది సింహాలు, చిరుతలు తిరిగే అభయారణ్యం. మెట్లు వదిలి అడ్డదారి తొక్కకండి.

నడకే పనికిరాని పెద్దవాళ్లుంటే నన్నడిగితే గిర్నార్ బదులు పావగఢ్ తీసుకెళ్లండి. వడోదర నుంచి సుమారు 50 కిలోమీటర్లు. అదీ దక్కన్ లావా కొండే, పైభాగంలో నల్లరాయి కాకుండా రయోలైట్ అనే లేతరంగు లావా రాయి ఉంటుంది. అక్కడి రోప్‌వే 1986 నుంచి నడుస్తోంది. మాంచీ దగ్గర ఎక్కితే, పైన కాళికామాత గుడికి 250 దాకా మెట్లు మాత్రమే మిగులుతాయి. కింద చంపానేర్ శిథిలాలకు 2004లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చైత్ర, ఆశ్వయుజ నవరాత్రులు తప్పించుకుంటే చాలు.

8. రెండో ఉదయం మిగిలితే

మొదటిరోజే కొండ అయిపోతే రెండో ఉదయం ఊరి నుంచి భవనాథ్ వచ్చే దారి పక్కనున్న అశోకుడి శిలాశాసనానికి ఇవ్వండి. పెద్ద బండ, దానికి రక్షణగా కట్టిన భవనం. 14 శాసనాలు బ్రాహ్మీ లిపిలో చెక్కించాడు అశోకుడు. అదే బండమీద క్రీ.శ. 150 నాటి రుద్రదాముడి సంస్కృత శాసనం ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లతో పంట పండించుకునేవాళ్లు తప్పక చదవాల్సిన సంగతి అందులో ఉంది. ఈ కొండ నుంచి వచ్చే ఏరులకు అడ్డంగా మౌర్యుల కాలంలో సుదర్శన తటాకం కట్టారు. పెనుగాలితో కూడిన వానకు ఆ కట్ట తెగింది. అది జరిగింది వానాకాలంలో కాదు, మార్గశిర మాసంలో. ప్రజల మీద పన్ను వెయ్యకుండా సొంత ఖజానాతో తిరిగి కట్టించానని రాజు రాయించుకున్నాడు. తర్వాత గుప్తుల కాలంలో మళ్లీ తెగితే స్కందగుప్తుడి అధికారి మళ్లీ కట్టించాడు, ఆ శాసనమూ ఆ బండమీదే ఉంది.

అక్కడి నుంచి ఉపర్‌కోట్ కోట దగ్గరే, అడీకడీ, నవఘణ్ అనే దిగుడు బావులు చూడొచ్చు. రెండూ రాతిని తొలిచి చేసినవి. నిన్నటి మెట్లకు పిక్కలు పట్టేసి ఉంటాయి కాబట్టి బావి మెట్లు మొత్తం దిగుతారా, పైనుంచి చూసి సరిపెట్టుకుంటారా అన్నది మీ ఇష్టం. తిరుగు రైలు మాత్రం ఆ సాయంత్రానికే పెట్టుకోకండి. కొండ రెండో ఉదయానికి జరిగితే దత్త శిఖరం నుంచి దిగొచ్చేసరికే సాయంత్రమవుతుంది. మర్నాటికి తీసుకుని, రిజర్వేషన్‌లో కింది బెర్తులు అడగండి. పై బెర్తు ఎక్కడానికి ఆ రోజు ఎవరి కాళ్లూ రావు.